సెట్టు కొనేముందు డాబా ఎక్కండి

హామ్ రేడియో, అంటే సరదాగా సొంత వైర్‌లెస్ సెట్టు మీద మాట్లాడుకోవడానికి లైసెన్సు చేతికొచ్చినవాళ్లు ముందుగా అడిగేది ఒకటే: "ఏ సెట్టు కొనమంటారు?" నేను ఎదురు అడిగేదీ ఎప్పుడూ ఒకటే: "మీ డాబా కొలతలెంత?" ఏదో దాటవేస్తున్నాననుకుంటారు. నరసరావుపేట కుర్రాడొకడు, ఇంజినీరింగ్ చదువుతున్నాడు, ఈమధ్య ఫోన్ చేసి సెట్ల పేర్లన్నీ గడగడా వల్లించాడు. రిసీవర్ డైనమిక్ రేంజి దగ్గర్నుంచి తెర సైజు దాకా అన్నీ కంఠతా. "మరి యాంటెన్నా ఎక్కడ కడతావురా?" అంటే, "అదెంతసేపు బాబాయ్, సెట్టు వచ్చాక చూసుకుందాం" అన్నాడు. ఫోన్లో చెబితే సగమే చెవికెక్కుతుందని ఇక్కడ రాస్తున్నా.

నాకు గుంటూరు చుట్టుగుంట దగ్గర మోటార్ల రివైండింగ్ షాపు ఉంది. సత్తెనపల్లి, పెదకూరపాడు వైపు నుంచి వచ్చే బోరు మోటార్లు, మిర్చి కోల్డ్ స్టోరేజీల కంప్రెసర్ మోటార్లు, వాటి మధ్యే పొద్దు గడిచిపోతుంది. పగలంతా రాగితీగతో పని చేసి రాత్రి మళ్లీ రాగితీగ పట్టుకోవడమేమిటని మా ఆవిడ నవ్వుతుంది. కాబట్టి నా సలహాల్లో బ్రోషర్ సంగతులు తక్కువ, వైరు లెక్కలు ఎక్కువ ఉంటాయి.

ముందు లైసెన్సు సంగతి రెండు ముక్కల్లో. అది లేకుండా సెట్టు కొని ఇంట్లో పెట్టుకోవడం కుదరదు. వైర్‌లెస్ పరికరం దగ్గర ఉంచుకోవడానికే లైసెన్సు కావాలన్నది 1933 నాటి చట్టం నుంచీ ఉన్న నియమం. అమ్మేవాళ్లు కూడా మీ లైసెన్సు కాగితం చూశాకే ఇవ్వాలి. చూడకుండా ఇస్తానంటే ఆ బేరం వదిలేయండి. మోర్సు (చుక్కలు, గీతల సంకేతాలు) పరీక్ష కూడా పాసైతే జనరల్ గ్రేడు, మోర్సు లేకపోతే రెస్ట్రిక్టెడ్. నాది రెస్ట్రిక్టెడ్, వీయూ3తో మొదలయ్యే కాల్‌సైన్, అంటే గాలిలో నా పేరు. మాకు పవర్ హద్దు 50 వాట్లు, జనరల్ వాళ్లకి 400. సెట్ల గురించి మాట్లాడేటప్పుడు ఈ 50 ఎవరికీ గుర్తురాదు, "100 వాట్ల సెట్టే కావాలి" అంటారు. 100 వాట్లకీ 50 వాట్లకీ తేడా 3 డెసిబెల్స్. అందే సిగ్నల్ బలం చూపే ఎస్-మీటరు మీద ఒక్కో యూనిట్‌కి 6 డెసిబెల్స్, అంటే అవతలివాడి మీటరులో ముల్లు అర యూనిట్ కదులుతుంది. 20 వాట్ల సెట్టు 50 వాట్ల దానికన్నా 4 డెసిబెల్స్ వెనక, ముప్పావు యూనిట్ కూడా కాదు. ఆ ముప్పావు కోసం డబ్బు రెట్టింపు పెట్టేముందు ఒక్కసారి డాబా మీదకెళ్లి చూడండి.

మాది కొరిటెపాడులో 200 గజాల స్థలం, 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడుగు. 7 మెగాహెర్ట్జ్ బ్యాండుకి, అంటే 40 మీటర్లకి, డైపోల్, అంటే మధ్యలో కేబుల్ తగిలించే తీగ యాంటెన్నా కట్టాలంటే దాదాపు 66 అడుగుల తీగ పడుతుంది. పొడుగునా కడితే 6 అడుగులు చాలదు. మూలకి మూల కొలిస్తే 67 అడుగులు. మధ్యలో మెట్ల గది మీద జీఐ పైపు లేపి, తీగ రెండు కొసలూ కిందికి వాల్చాను కాబట్టి ఇన్సులేటర్లకీ తాళ్లకీ చోటు మిగిలింది. ఒక కొస నైరుతిలో నీళ్ల ట్యాంకు దగ్గర, ఇంకో కొస ఈశాన్యంలో. మా అమ్మ కింద నుంచి చూసి, "ఈశాన్యంలో బరువు పెట్టమాకురా" అంది. "తీగేగా అమ్మా, బరువేముంది" అంటే, "తీగకి పైపు, పైపుకి సిమెంటు, నీ సంగతి నాకు తెలీదా" అంది. ఆ మూల సిమెంటు దిమ్మె పోయకుండా పిట్టగోడ కొక్కేనికే కట్టేశా.

తీగ షాపులోదే, 14 గేజి సూపర్ ఎనామిల్. దీంతో ఒక తిరకాసు ఉంది. వైండింగ్ తీగని మెత్తబరిచి అమ్ముతారు, స్లాట్లలోకి వంగాలి కదా. ఆ మెత్తదనమే డాబా మీద ఇబ్బంది. బిగించి కడితే నెమ్మదిగా సాగుతుంది, సాగినకొద్దీ యాంటెన్నా రెజొనెన్సు, అంటే అది బాగా పలికే ఫ్రీక్వెన్సీ, కిందికి జారుతుంది. అందుకని కొలవకముందే ఒక కొస స్తంభానికి కట్టి, రెండో కొస ఇనప రాడ్డుకి చుట్టి, నేనూ మా షాపు కుర్రాడూ కలిసి ఇంక సాగదనేదాకా లాగాం. ఆ తర్వాతే టేపు పెట్టి కోశాం. కోయాక్స్ (సెట్టు నుంచి యాంటెన్నాకి వెళ్లే కేబుల్) అతికే చోట ఎనామిల్ మెరిసేదాకా గీకాలి. గీకకుండా టంకం పెడితే పైకి అతికినట్టే కనబడుతుంది, లోపల పట్టదు. మోటార్లలో రోజూ చూసే సంగతే ఇది.

ఈ ఎత్తులో 40 మీటర్ల డైపోల్ సిగ్నల్ ఎక్కువగా పైకే పోతుంది. పైన వాతావరణంలో అయనోస్ఫియర్ అనే పొరకి తగిలి చుట్టుపక్కల కొన్ని వందల కిలోమీటర్ల మేర కిందికి దిగుతుంది. పగటిపూట హైదరాబాద్, చెన్నై, విశాఖ వాళ్లతో ఆదివారం కబుర్లకి ఇంతకన్నా ఏమీ అక్కర్లేదు. ఇంకో లాభం, 7కి మూడు రెట్లు 21 కాబట్టి ఇదే తీగ 15 మీటర్ల బ్యాండు మీద కూడా పనిచేస్తుంది. 14 మెగాహెర్ట్జ్ మీద మాత్రం మొండికేస్తుంది. అక్కడ ఈ తీగ ఇంపెడెన్సు వేల ఓమ్‌లకి పోతుంది. సెట్టు లోపల ఉండే ట్యూనర్, అంటే తీగకీ సెట్టుకీ జత కుదిర్చేది, ఎంతవరకు లాక్కురాగలదన్న ప్రశ్న వచ్చేది సరిగ్గా ఇక్కడే. ఐకామ్ 7300 లోపలి ట్యూనర్ 3:1 ఎస్‌డబ్ల్యూఆర్ (ఆ జత ఎంత కుదరలేదో చెప్పే కొలత) దాటితే చేతులెత్తేస్తుంది. జీగూ జీ90 ట్యూనర్ ఇంకా మొండి తీగల్ని కూడా లొంగదీస్తుంది. యాయెసు కంపెనీ ఎఫ్‌టీ-891లో అసలు ట్యూనరే ఉండదు, విడిగా కొనాలి. చూశారా, డాబా కొలతల దగ్గర మొదలైతే సెట్టు దగ్గరికి దానంతటదే వచ్చాం.

ఇక రొద సంగతి. ఊళ్లో ఉండే హామ్‌లకి ఇదే అసలు శత్రువు, బ్రోషర్లలో దీని ఊసే ఉండదు. సాయంత్రం ఆరు దాటి ఎల్‌ఈడీ వీధిదీపాలు వెలిగాయంటే మొన్నటిదాకా నా మీటరు ముల్లు ఎస్7 దగ్గర కూర్చునేది. నాగపూర్ నుంచి ఎవరో తక్కువ పవర్‌తో పిలిస్తే ఆ రొద కిందే ఉండిపోయేవారు. ఫోన్ చార్జర్లు, సెట్‌టాప్ బాక్సు అడాప్టర్లు, ఇన్వర్టర్లు, ఇప్పుడు కొత్తగా ఇళ్ల మీద సోలార్ ఇన్వర్టర్లు. సోలార్ రొద ఎండ ఎక్కినకొద్దీ లేచి పొద్దుగూకగానే సద్దుమణుగుతుంది, అప్పుడు వీధిదీపాల డ్యూటీ మొదలు. వీటన్నిటికీ పెద్దన్న వీఎఫ్‌డీ, అంటే మోటారు వేగం మార్చే డ్రైవ్. కోల్డ్ స్టోరేజీల్లో, అపార్ట్‌మెంట్ లిఫ్టుల్లో ఎక్కడ చూసినా అదే. చుట్టుపక్కల చాలా వీఎఫ్‌డీలు బిగించింది నేనే, రాత్రి కూర్చుని వాటి రొద వినేదీ నేనే. ఎవరికని చెప్పుకోను!

విజయవాడ పటమటలో నా స్నేహితుడొకడు అపార్ట్‌మెంటులో ఉంటాడు. ఖరీదైన సెట్టే కొన్నాడు. డాబా మీద తీగ కట్టనివ్వమని అసోసియేషన్ వాళ్లు తేల్చేస్తే బాల్కనీలో పొట్టి యాంటెన్నా పెట్టుకున్నాడు. ఎవరైనా లిఫ్టు ఎక్కితే బ్యాండంతా జుయ్యిమంటుంది. ఆయన సెట్టులో ఏ లోపమూ లేదు, కానీ మా ఇంట్లో నా మొదటి సెట్టు, ఏడు వాట్ల బోర్డు మీద వినపడిన చెన్నై ఆయనకి వినపడదు.

అందుకని డబ్బు ఖర్చుపెట్టక ముందే ఈ పరీక్ష చేయండి. ఇంట్లో పాత ట్రాన్సిస్టర్ రేడియో ఉంటుంది కదా, మీడియం వేవ్‌లో 837 పెట్టండి, విజయవాడ ఆకాశవాణి. గుంటూరులోనే ఆ స్టేషను మీ గదిలో బురబురమంటూ వస్తోందంటే దూరం సిగ్నళ్లు మీకేం వినబడతాయి? తర్వాత స్టేషన్లు లేని చోటికి ముల్లు జరిపి, రేడియో చేత్తో పట్టుకుని ఇల్లంతా తిరగండి. ఎక్కడ రొద పెరుగుతుందో అక్కడ ఒక అడాప్టరు దొరుకుతుంది. ప్లగ్గు పీకి చూడండి. మెయిన్ ఆఫ్ చేసినా రొద తగ్గలేదంటే అది బయటిది. సగానికి సగం మన ఇంట్లోదే అయి ఉంటుంది. వైరుని ఫెరైట్ రింగు మీద చుట్టి, యాంటెన్నా మధ్యలో రొదని అడ్డుకునే కాయిల్, అంటే చోక్ పెడితే తగ్గుతుంది. వైండింగ్ తెలిసినవాడికి అదేం పెద్ద పని కాదు. ఏప్రిల్, మే నెలల్లో ఉరుముల గరగర మాత్రం ఎవరి చేతిలోనూ లేదు. అప్పుడు కోయాక్స్ పీకి కిటికీ బయట పడేసి పడుకోవడమే.

మూడోది కరెంటు. 2024 సెప్టెంబరులో బుడమేరు సింగ్‌నగర్‌ని ముంచినప్పుడు, ప్రకాశం బ్యారేజీ మీదుగా 11 లక్షల క్యూసెక్కులు దాటి పోతున్నప్పుడు, విజయవాడలో ఎన్నో ఇళ్లకి రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లలో చార్జింగ్ లేదు. 2004 సునామీ వచ్చిన రోజున భారతి ప్రసాద్ గారు హామ్ రేడియో పని మీద అండమాన్‌లోనే ఉన్నారు. తర్వాత రోజుల్లో అక్కడి కబుర్లు దేశానికి చేరడంలో ఆమె సెట్టు ఎంత పనికొచ్చిందో హామ్‌లందరికీ తెలుసు. అలాంటి రోజు గోడ ప్లగ్గు మీద నడిచే సెట్టు దేనికి? కాబట్టి బ్యాటరీ మీద ఎంతసేపు నిలుస్తుందో ముందే లెక్క వేసుకోవాలి.

7300 పూర్తి పవర్ మీద 21 ఆంపియర్లు లాగుతుంది. వింటున్నప్పుడు కూడా ఒక ఆంపియర్ దాకా. జీ90 వింటున్నప్పుడు అర ఆంపియర్‌తో సరిపెట్టుకుంటుంది, మాట్లాడేటప్పుడు 8 దాటదు. ఇంకో సంగతి, 7300కి 13.8 వోల్టులకి అటూ ఇటూ 15 శాతం లోపు ఇవ్వాలి, అంటే కిందివైపు హద్దు దాదాపు 11.7. జీ90 10.5 దాకా ఓర్చుకుంటుంది. ఇన్వర్టర్ బ్యాటరీ వరండాలో, సెట్టు గదిలో, మధ్యలో 5 మీటర్లు అనుకోండి. రానూపోనూ 10 మీటర్ల వైరు. 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వేస్తే 20 ఆంపియర్ల దగ్గర అందులోనే దాదాపు ఒక వోల్టు పోతుంది. బ్యాటరీ 12.3 చూపిస్తున్నా సెట్టు దగ్గరికి చేరేది 11.3. మైకు నొక్కి గట్టిగా మాట్లాడగానే సెట్టు ఆగిపోతుంది, పాపం సెట్టు పాడైందనుకుంటారు. అదే 16 చదరపు మిల్లీమీటర్ల వైరు వేస్తే ఆ నష్టం పావు వోల్టుకి దిగుతుంది. బోరు మోటారుకి వైరు ఎంచుకునేటప్పుడు రైతుకి చెప్పే లెక్కే ఇది. ఆయన వినడు, మోటారు కాలాక వస్తాడు.

ఇప్పుడు సెట్లు. నా మొదటిది బిట్ఎక్స్40. హైదరాబాద్ హామ్ అష్హర్ ఫర్హాన్ గారు 2003లో రూపొందించిన బిట్ఎక్స్ సర్క్యూట్ కుటుంబంలోది. ఆ మొదటి డిజైన్‌లో కాయిల్స్ చుట్టుకోవడానికి ఖరీదైన టొరాయిడ్లు (రింగు కోర్లు) దొరక్కపోతే కుళాయి వాషర్లు వాడుకోవచ్చన్నారాయన. ఆ ముక్క చదివినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంకే సెట్టు బ్రోషరూ ఇవ్వలేదు. ఏడు వాట్లు, ఒకే బ్యాండు, తెర లేదు, ఆర్భాటం లేదు. పాడైతే మీరే విప్పి చూసుకోవచ్చు, నేర్చుకోవడానికి దానికి మించింది లేదు. కానీ ఎస్7 రొదలో దానికి ఏ ఆయుధమూ లేదు. ఒక్క ఈలని కోసేసే నాచ్ లేదు, నాయిస్ రిడక్షన్ లేదు. రాత్రిపూట చెవులు దిబ్బడ వేసేవి.

ఎఫ్‌టీ-891 చిన్నది, రెండు కిలోల లోపు, 100 వాట్లు. కారులో పెట్టుకుని తిరిగేవాళ్లకి బాగుంటుంది. కంప్యూటర్‌తో ఎఫ్‌టీ8, అంటే పొట్టి డిజిటల్ సందేశాలు ఆడాలంటే మాత్రం శబ్దం కోసం విడిగా ఇంటర్‌ఫేస్ కావాలి, దాని యూఎస్‌బీ కంట్రోల్‌కే పనికొస్తుంది. మెనూలు ఎన్నో! పవర్ ఇచ్చే చివరి దశలో వాల్వులుండే పాత సెట్లు, ఎఫ్‌టీ-101 లాంటివి, చూస్తే ముద్దొస్తాయి. ఫైనల్ ట్యూబులు వెతుక్కుంటూ తిరిగే ఓపిక ఉంటేనే కొనండి. 7300, 2016లో వచ్చింది, ధర లక్ష పైమాటే. జీ90 అందులో సగం లోపే దొరుకుతుంది.

ఇంత చెప్పి నేను కొన్నది 7300. పవర్ 50కే పెట్టుకుంటాను. బ్రోషరు చూసి మోజుపడలేదు, దాని వాటర్‌ఫాల్ తెర కోసం కొన్నాను. యాంటెన్నా నుంచి వచ్చేదంతా ఆ తెర మీద కాలంతోపాటు కిందికి జారుతూ కనిపిస్తుంది. ఒక్కో రొదకీ ఒక్కో ముఖం. ఫోన్ చార్జరయితే బొద్దుగా, అంచులు చెరిగిన మచ్చలు సమాన దూరాల్లో కనిపిస్తాయి, వేడెక్కినకొద్దీ మెల్లగా పక్కకి జరుగుతుంటాయి. వీఎఫ్‌డీ అయితే దువ్వెన పళ్లలా దగ్గరదగ్గర గీతలు, మోటారు ఆగగానే ఒక్కసారిగా మాయం. ఒకసారి రాత్రి పదిన్నరకి ఆ గీతలు ఠక్కున ఆగిపోయాయి. ఆ టైముకి ఆగే మోటారేదని ఆలోచిస్తే మా వీధి చివర నీళ్ల ప్లాంటు. మర్నాడు వెళ్లి చూస్తే డ్రైవ్ నుంచి మోటారుకి వేసిన కేబుల్‌కి షీల్డు ఉంది, దాని ఎర్త్ వైరు వదులుగా వేలాడుతోంది. బిగించి వచ్చా. ఆ ప్లాంటాయన, "ఎంతివ్వమంటావు?" అన్నాడు. "నాకేమీ వద్దన్నా, రాత్రిళ్లు ప్రశాంతంగా ఉంటే చాలు" అన్నా. నన్ను కాస్త విచిత్రంగా చూశాడు. ఆ సాయంత్రం మీటరు ఎస్5కి దిగింది. రెండు యూనిట్లు, అంటే 12 డెసిబెల్స్. పంపే పవర్‌లో అంత తేడా రావాలంటే 16 రెట్లు పెంచాలి. నాకు దొరికింది స్క్రూడ్రైవర్ తిప్పినందుకు.

నరసరావుపేట కుర్రాడికి మాత్రం నా సలహా జీ90. చదువుకునేవాడు, హాస్టల్ నుంచి ఇంటికి, ఇంటి నుంచి హాస్టల్‌కి మోసుకెళ్లాలి. చిన్న బ్యాటరీ చాలు, మొండి తీగనైనా ట్యూనర్ సర్దుకుంటుంది, 20 వాట్లు ఎఫ్‌టీ8కి ఎక్కువే. దాని తెర మీద కూడా చిన్న వాటర్‌ఫాల్ ఉంది. మిగిలిన డబ్బుతో మంచి కోయాక్సు, పొడుగాటి పైపు కొనుక్కోమన్నా. "అయితే 10 మీటర్ల బ్యాండు సంగతేంటి బాబాయ్, ఇప్పుడు బాగా తెరుచుకుంటోందంటగా?" అన్నాడు. నిజమే, సూర్యుడి మచ్చలు పెరిగి తరిగే 25వ చక్రం 2024లో తారస్థాయి దశకి చేరిందని నాసా ప్రకటించింది. ఇంకొన్నేళ్లలో ఆ బ్యాండు నిద్రపోతుంది. ఉన్నన్నాళ్లు వాడుకోవచ్చు, దానికి 16 అడుగుల తీగ చాలు కాబట్టి విడిగా ఇంకో డైపోల్ కట్టుకోమన్నా. 40 మీటర్ల తీగ మాత్రం ఊడదీయొద్దని చెప్పా.

పాత సెట్టు కొనేవాళ్లకి ఒక్క మాట. ఫొటో చూసి డబ్బు పంపకండి. డమ్మీ లోడు (యాంటెన్నా బదులు తగిలించే రెసిస్టరు), డీసీ క్లాంప్ మీటరు పట్టుకెళ్లండి. ప్రతి బ్యాండు మీదా కాసేపు ట్రాన్స్‌మిట్ చేసి కరెంటు ఎంత లాగుతోందో చూడండి. పవర్ తక్కువ వస్తూ కరెంటు మామూలుగానే లాగుతోందంటే ఫైనల్స్ (పవర్ ఇచ్చే చివరి ట్రాన్సిస్టర్లు) దగ్గరో ఫిల్టర్ల దగ్గరో ఏదో ఉంది. వెనక పవర్ సాకెట్ ప్లాస్టిక్ రంగు మారిందేమో వంగి చూడండి. అది పసుపెక్కితే ఎవరో వదులు కనెక్షన్ మీద వాడేశారన్నమాట. అమ్మే ఆయన "ఇప్పుడు కరెంటు లేదండీ, సెట్టు మాత్రం బంగారం" అంటే కరెంటు వచ్చాక రండి.

7300 ఎలా ఉంటుందో చూడాలనుకునేవాళ్లు ఆదివారం మా ఇంటికి రావచ్చు, ఆ రోజు షాపు ఉండదు. కాకపోతే పగలు రాకండి, సాయంత్రం ఆరు దాటాక రండి, వీధిదీపాలు వెలిగాక.